కొసరు లేని కొట్లు

ఇప్పటివాళ్ళకి డబ్బు ఖర్చుపెట్టడం వచ్చినంత బాగా సరుకు కొనడం రాదు. ఈ మాట మా ఇంట్లో అన్నప్పుడల్లా మా ఆవిడ కొట్టిపారేస్తూనే ఉంటుంది. అయినా అంటాను. డెబ్భై అయిదు దాటిన మనిషికి నోరు తప్ప ఇంకేం మిగులుతుంది?

మా ఉండి అంత పెద్ద ఊరేం కాదు. ఇటు భీమవరం, అటు ఆకివీడు, మధ్యలో కాలవా రోడ్డూ రైలుపట్టాలూ. ఆకివీడు దాటితే కొల్లేటి గాలి తగులుతుంది. నా చిన్నతనంలో సరుకులంటే శావుకారుగారి కొట్టే. అరుగు మీద బస్తాలు మూతులు మడిచి వరసగా నిలబెట్టి ఉండేవి: కందిపప్పు, మినప్పప్పు, పెసలు, శనగలు, ఎండుమిరపకాయలు. లోపల చీకట్లో నూనె డబ్బాలు, బెల్లం దిమ్మలు, చింతపండు బుట్ట. కొట్టు గుమ్మం తొక్కకముందే ఆ వాసన ముక్కుకి తగిలేది. పసుపు, ఇంగువ, గోనెసంచి, కిరసనాయిలు అన్నీ కలిసిన వాసన. ఇవాళ ఏ కొట్లోకెళ్ళినా ఏసీ వాసనే.

తూకాలకి వీశెలు, పదలాలు, ఏబలాలు. కొలతలకి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇది మాకు బళ్ళో ఎక్కం చెప్పినట్టు చెప్పారు. ప్రభుత్వం 1958 నుంచి కిలోలు తెచ్చి, 1962 కల్లా పాత రాళ్ళన్నీ చెల్లవంది. శావుకారుగారు కొత్త రాళ్ళు కొన్నారు గానీ పాతవి బల్లకింద నుంచి తియ్యలేదు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ వీశెల్లోనే అడిగింది, ఆయన వీశెల్లోనే విని కిలోల్లో తూచి ఇచ్చారు. ఏ చట్టానికీ నష్టం రాలేదు.

తూకం దగ్గర మా నాయనమ్మ నిలబడే పద్ధతి చూసి నేర్చుకోవాల్సిందే. ముల్లు మధ్యలో నిలబడితే ఊరుకునేది కాదు, తక్కెడ సరుకువైపు వాలాలి. వాలాక కొసరు. కొసరు మీద ఇంకో గుప్పెడు. "ఏటి శావుకారూ, చేతికి వాతమొచ్చిందా?" అనేది. ఆయన నవ్వుతూ ఇంకాస్త పోసేవారు. పక్కన నిలబడ్డ నా చేతిలో పుట్నాలో, చిదిపిన బెల్లం ముక్కో పడేది. దానికి లెక్కా లేదు, పద్దూ లేదు. మిగతా వాటన్నిటికీ పద్దు ఉండేది. ఎర్రగుడ్డ అట్టవేసిన పొడుగాటి పుస్తకంలో మా ఇంటికో పేజీ. సార్వా ధాన్యం అమ్మాక ఒకసారి, దాళ్వా అయ్యాక ఒకసారి తీర్చడం. మధ్యలో గాలివాన వచ్చి పంట పడిపోతే శావుకారు పుస్తకం తెరిచేవారు కాదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఊరికే ధర్మానికని కాదులెండి, మళ్ళీ పంట వస్తుందనీ, మేం ఊరొదిలి ఎక్కడికీ పోమనీ ఆయనకి తెలుసు.

అసలు సంగతి ఎంచడం. సరుకుని ఎంచి కొనడం ఆడవాళ్ళకి తల్లి దగ్గర అబ్బిన చదువు. పసుపు కొమ్ము తీసి విరిస్తే టక్కుమని విరగాలి, లోపల నారింజరంగు కనబడాలి. ఎండుమిరపకాయ ఊపితే గింజలు గలగలమనాలి, తొడిమ పచ్చిగా ఉంటే పక్కన పడెయ్యాలి. జీలకర్ర అరచేతిలో నలిపి వాసన చూడాలి. బెల్లం నాలిక్కి రాసి ఉప్పదనం ఉందేమో చూడాలి. ఇంగువ చిటికెడు నీళ్ళలో వేస్తే నీళ్ళు పాలలా తెల్లబడాలి. బియ్యం గుప్పిట పట్టి వదిలితే చేతికి తవుడు అంటిందంటే సరిగా పట్టలేదన్నమాట. రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికితే కొత్తవో పాతవో తెలిసేది. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది, అందుకని ఏడాది పాతవైనా ఉండాలనేవారు. చింతపండు ఎర్రగా ఉంటే ఈ ఏడుది, నల్లబడితే పోయినేడుది. పథ్యానికి నల్లదే కావాలి, పులిహోరకి మాత్రం ఎర్రది. ఇన్నీ చూసి, ఇన్నీ అడిగి, బావుండకపోతే "ఒద్దు, వచ్చేవారం కొత్త బస్తా విప్పాక వస్తాను" అని లేచిపోయే హక్కు కొనేవాళ్ళకి ఉండేది. లేచిపోతే శావుకారుకి కోపం రాదు. మర్నాడు కబురుపెట్టేవారు, బస్తా విప్పామండీ అని.

ఉల్లిపాయలు తాడేపల్లిగూడెం నుంచి వచ్చేవి. అక్కడి ఉల్లి మార్కెట్టు పేరు ఇప్పటికీ నిలబడే ఉంది. రసాలు నూజివీడువి. ఆవకాయ రోజుల్లో గుంటూరు మిరపకాయ, గానుగ దగ్గర నిలబడి పట్టించుకున్న నువ్వులనూనె. నూనె ఆడుతుంటే గానుగ పక్కనే నిలబడేవాళ్ళం, కళ్ళు తిప్పితే ఏం కలుస్తుందోనని.

ఇక చేప. దాని గురించి ఊరికే వదిలిపెట్టడం మా ప్రాంతంవాడికి సాధ్యం కాదు. కొల్లేటి లంకల నుంచి తట్టలు నెత్తినపెట్టుకుని ఆడవాళ్ళు వచ్చేవారు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, గొరక. ఇవన్నీ గాలి పీల్చి బతికే జాతి, అందుకని తడిగుడ్డ కప్పితే చాలు, ఇల్లు చేరేదాకా తట్టలో కొట్టుకుంటూనే ఉండేవి. ఐసుతో పనిలేదు. చచ్చిన కొర్రమీను చూపిస్తే మా అమ్మ మొహం తిప్పుకునేది. మామూలు చేపైతే మొప్ప ఎత్తి చూసేది. ఎరుపు కనిపిస్తేనే బేరం మొదలయ్యేది.

1970ల చివరనుంచి చేపల చెరువులు మొదలయ్యాయి. తర్వాత వరిపొలాలకి గట్లు పోసేశారు. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2006లో సర్కారు యంత్రాలు తెచ్చి లోపలి చెరువుల గట్లు కొట్టించింది. ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో చెప్పడానికి ఇది చోటు కాదు. నాకు తెలిసింది ఒక్కటి. మా చుట్టూ ఇన్ని వేల ఎకరాల్లో నీళ్ళున్నాయి, నీళ్ళనిండా శీలావతీ బొచ్చే ఉన్నాయి, ఆ చేప మాత్రం ఐసులో కూరుకుని లారీ ఎక్కి హౌరాకీ గౌహతికీ పోతుంది. మా ఊళ్ళో చేపల పరిశోధన కేంద్రం కూడా ఉంది. బజార్లో బతికున్న కొల్లేటి కొర్రమీను కావాలంటే ముందురోజు ఫోన్ చేసి బతిమాలాలి.

ఇంతకీ ఈ గోలంతా ఎందుకు మొదలెట్టానంటే, మావాడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ఇండియన్ స్టోర్ చూపిస్తాడు. గుడి తర్వాత తప్పకుండా చూపించే చోటు అదే. "చూశారా నాన్నగారూ, ఇక్కడ దొరకనిది లేదండి" అంటాడు. నిజమే, దొరకనిది లేదు. అక్కడే నాకు ఒళ్ళుమండింది.

పూర్వం అక్కడ ఏం దొరికేదో నాకు తెలుసు. మా మేనత్త కొడుకు డాక్టరు. అమెరికా 1965లో చట్టం మార్చి మనవాళ్ళకి తలుపు తీశాక వెళ్ళిన తొలి మందలో వాడొకడు, చికాగోలో ఉండేవాడు. వాడి ఏరోగ్రాముల్లో సగం తిండి గోలే. కందిపప్పు లేక ఎండు బఠాణీ పప్పుతో పప్పుచారు పెట్టుకున్నానని, మెక్సికోవాళ్ళ కొట్లో పచ్చిమిరపకాయలూ కొత్తిమీరా దొరికాయని. న్యూయార్క్‌లో లెక్సింగ్టన్ ఎవెన్యూ మీద కలుస్త్యాన్ అని ఒక ఆర్మీనియన్ ఆయన 1944లో పెట్టిన కొట్టు ఉంది, మసాలా దినుసుల కోసం మనవాళ్ళు అక్కడికి పోయేవారు. 1974లో చికాగో డెవాన్ ఎవెన్యూలో పటేల్ సోదరులు చిన్న కొట్టు తెరిచారు. గుజరాత్ మెహసానా జిల్లా నుంచి వెళ్ళిన మఫత్, తులసి అనే అన్నదమ్ములు. ఇప్పుడది దేశమంతా పాకిపోయింది. ఆ కొట్టు తెరిచాక మా మేనత్త కొడుకు రాసిన ఉత్తరం నాకింకా గుర్తు. కందిపప్పు దొరికింది, పెసరపప్పు దొరికింది, ఇంగువ దొరికింది అంటూ వరసపెట్టి రాశాడు. ఉద్యోగం వచ్చినప్పుడు రాసిన ఉత్తరం కూడా అంత పొడుగు లేదు. మా అత్త ఆ ఉత్తరం చదివించుకుని ఏడ్చింది.

ఆ కరువు చూసినవాణ్ణి కాబట్టి ఇప్పటి సమృద్ధిని మెచ్చుకోవాలి. మెచ్చుకుంటున్నాను. అయిపోయింది, ఇక చెప్పనివ్వండి.

ఫ్రిస్కోలో ఆ కొట్టు మా ధాన్యం గోదాము అంత ఉంటుంది. తోపుడుబండి తోసుకుంటూ తిరగాలి. పలకరించే మనిషి ఉండడు. సరుకంతా ప్లాస్టిక్కులో సీలేసి ఉంటుంది. ములక్కాడ ముక్కలు గడ్డకట్టించి, గోంగూర గడ్డకట్టించి, కొబ్బరి తురిమి గడ్డకట్టించి, చివరికి రొట్టెలు కూడా గడ్డకట్టించి పెట్టారు. పులిహోర సీసాలో ఉంది. న్యూజెర్సీలో ఒక కొట్లో పిడకలు పొట్లంకట్టి, తినడానికి కాదు, పూజకి మాత్రమే అని రాసి అమ్ముతున్నారని 2019లో పేపర్లలో బొమ్మతో సహా వచ్చింది. రాయకపోతే ఏమవుతుందని భయపడ్డారో!

నేను చింతపండు పొట్లం పట్టుకుని కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను, ఇది కొత్తదా పాతదా బాబూ అని. తణుకు వైపు కుర్రాడే, మర్యాదస్తుడు. పొట్లం తిరగేసి తారీఖు చదివాడు. "ఇంకా ఏడాదిన్నర ఉందండి తాతగారూ" అన్నాడు. నేనడిగింది చింతపండు వయసు, వాడు చెప్పింది పొట్లం ఆయుష్షు. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పినవాళ్ళు లేరు. ఇంకోసారి జీలకర్ర వాసన చూద్దామని పొట్లం మూల చించబోతే మావాడు చెయ్యి పట్టేసుకున్నాడు. "నాన్నగారూ, ఇక్కడ అలా చెయ్యకూడదండి." చూడకుండా కొని, ఇంటికెళ్ళి విప్పి, బావుండకపోతే రసీదుతో వెనక్కిచ్చెయ్యొచ్చట. ఇచ్చెయ్యడం ఎవరిక్కావాలి? నాక్కావలసింది ఎంచడం.

కరివేపాకు సంగతి ఇంకో వింత. నాలుగు రెబ్బలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి డాలర్లడుగుతారు. పోనీ మన పెరట్లోది రెండు రెబ్బలు పెట్టెలో పెట్టుకెళదామంటే విమానాశ్రయంలో లాక్కుంటారు. నారింజ తోటల్ని నాశనం చేసే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుందట, అందుకని పచ్చి ఆకు బయటనుంచి తేనివ్వరు. ఈ ఒక్క విషయంలో వాళ్ళని నేను తప్పుపట్టను. తోట ఉన్నవాడికే తెలుస్తుంది తెగులు బాధ. మామిడిపళ్ళకీ అంతే, 2007 దాకా రానివ్వలేదు. ఇప్పుడు కిరణాలు పట్టించి రానిస్తున్నారు. బంగినపల్లి పెట్టె ధర విని నేను పెట్టె దగ్గర నుంచి కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోయాను గానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

2023 జూలైలో మేం అక్కడే ఉన్నాం. ఇరవయ్యో తారీఖున మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వార్త రాత్రికి రాత్రి ఫోన్లలో పాకింది. మర్నాడు మావాడు ఆఫీసు మానేసి బియ్యానికి పరిగెత్తాడు, నేనూ వెంట వెళ్ళాను. కొట్టు బయట వరస. లోపల సోనామసూరి బస్తాల అర ఖాళీ అయిపోయి చెక్కలు కనిపిస్తున్నాయి. 20 పౌండ్ల బస్తా అంటే మన లెక్కన తొమ్మిది కిలోల చిల్లర. కొన్ని చోట్ల మనిషికి ఒక్కటే అని బోర్డు పెట్టారు. కార్లలో వచ్చినవాళ్ళు, లక్షల జీతాలవాళ్ళు, బస్తా కోసం మోచేతులు పొడుచుకున్నారు. ఆ వరసలో నిలబడ్డ నేనెవర్ని? ఏటా గోదావరి కాలవ కింద ధాన్యం పండించి మిల్లుకి తోలినవాణ్ణి. మా జిల్లాలో మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వంగడం ఎకరాలకి ఎకరాలు వేసినవాణ్ణి. పక్కన నిలబడ్డ అమ్మాయి ఫోన్‌లో వాళ్ళమ్మతో "అమ్మా, రెండు నెలలకి సరిపోతాయిలే, కంగారుపడకు" అంటోంది. ఇటు అమ్మ, అటు అమ్మాయి, ఇద్దరికీ కంగారే.

మా తాతగారి రోజుల్లో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, అట్రగడలు పండేవి. ఏ గింజ ఎవరి పొలందో రంగు చూసి చెప్పేవారు. తర్వాత మసూరి వచ్చింది, 1986లో బాపట్లవాళ్ళు సాంబమసూరి ఇచ్చారు, బీపీటీ 5204. సన్నగింజ అంటే అదే అని దేశమంతా తింటోంది. ఆ వరసలో ఎవరికీ ఈ గొడవ పట్టలేదు. బస్తా మీద ఏ బొమ్మ ఉందో చూసి పట్టుకుపోయారు. మావాణ్ణి అడిగాను, ఏ రకం కొన్నావురా అని. "ఎర్ర బస్తా అండి" అన్నాడు. రైతు కొడుకు! 2024 సెప్టెంబరు ఆఖర్లో ఆ నిషేధం ఎత్తేశారు. మావాడి గ్యారేజీలో ఎర్రబస్తాలు ఇంకా ఉన్నాయని కోడలు చెప్పింది, పురుగు పట్టాయని కూడా చెప్పింది.

చేపల అర దగ్గర నిలబడ్డప్పుడు మా ఆవిడ నన్ను లాక్కెళ్ళాల్సి వచ్చింది. శీలావతి ముక్కలు కోసి గడ్డకట్టించిన పొట్లం. వెనక చూస్తే బర్మా సరుకు. ఉండి నుంచి వెళ్ళినవాడు బర్మా శీలావతి తినడమేంటండీ? మావాడికి అందులో వింతేం కనిపించలేదు. రొయ్యలు మాత్రం మనవే. తెల్లవాళ్ళ పెద్ద దుకాణంలో పొట్లం మీద ఇండియా అని ఉంది. వనామీ, తల తీసి, పొట్టు తీసి, నరం తీసి. మా వైపు చెరువు గట్టుమీద కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని లెక్క, వంద కౌంటు, యాభై కౌంటు అంటాం. అక్కడ పౌండుకి లెక్కేస్తారు. పొట్లం మీద 31-40 అని చూసి నేను గట్టుమీద లెక్కలోకి మార్చుకుని, ఆ సైజుకి మన రైతుకి ఎంతిచ్చారో, వీళ్ళెంతకమ్ముతున్నారో అరముందే నిలబడి కూడాను. 2025 ఆగస్టు నెలాఖరుకి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అప్పుడు భీమవరంలో రొయ్య ధర అడగాలంటేనే రైతులకి నోరు రాలేదు. అక్కడ కొనేవాడు రొయ్యని తాకి చూడడు. ఇక్కడ పెంచినవాడికి తినేవాడెవడో తెలియదు. మధ్యలో ఎవడో సంతకం పెడితే ఇద్దరి పొయ్యిలోనూ పిల్లి లేవదు.

ఇదంతా పరాయిదేశపు తంతులే అని సరిపెట్టుకుని ఇంటికొచ్చాను. వచ్చిన వారానికి మా ఆవిడ సరుకులకని భీమవరం తీసుకెళ్ళింది. మూడంతస్తుల కొట్టు, అదే తోపుడుబండి, అదే ఏసీ, అవే గడ్డకట్టిన రొట్టెలు. సీసాలో పులిహోర అక్కడా ఉంది. ఫ్రిస్కో కొట్టు నాకంటే ముందే విమానం దిగి భీమవరం చేరింది. అక్కడికైతే పద్నాలుగువేల కిలోమీటర్ల పైన దూరం అని ఓ సాకు ఉంది. పచ్చటి పొలాల మధ్య ఊళ్ళో ఉండి గోంగూర సంచిలో కొనడానికి సాకేంటి?

కందిపప్పు పొట్లం పట్టుకుని అడిగితే ఏ దేశపు పంటో చెప్పే నాథుడు లేడు. మన దేశానికి కంది మొజాంబిక్ నుంచీ టాంజానియా నుంచీ వస్తోంది. మినుములు బర్మా నుంచి. ఎర్రపప్పు కెనడా, ఆస్ట్రేలియాల నుంచి. పామాయిలు మలేషియా, ఇండోనేషియాల నుంచి, మన ఏలూరు మెట్టలో ఆయిల్‌పామ్ తోటలు ఇన్ని ఉండి కూడా. కృష్ణా డెల్టాలో వరికోసిన మాగాణిలో మినుము చల్లే రైతు ఇంట్లో కూడా ఇడ్లీకి బర్మా మినప్పప్పు నానుతోందేమో ఎవరు చూడొచ్చారు. ఇక దేశీ కొట్టేది, విదేశీ కొట్టేది? ఫ్రిస్కోలో మావాడూ ఉండిలో నేనూ ఒకే ఆఫ్రికా రైతు కంది తింటున్నాం, ఇద్దరం మనదే అనుకుంటూ. ఆ రైతు పేరు మా శావుకారుగారైతే ఎక్కడో ఒకచోట కనుక్కుని చెప్పేవారు.

ఇక్కడ మా ఆవిడ అడ్డుపడుతుంది. "మీ శావుకారు కొట్లో ఇంగువ కాబూలుది కాదా? ఖర్జూరం అరబ్బుది కాదా?" అంటుంది. కాదని ఎవరన్నారు, కాబూలుదే. ఇంగువ మన దేశంలో పండేది కాదు, 2020లో హిమాలయాల్లో లాహౌల్‌లో మొక్క నాటి మొదలెట్టారు. కాకపోతే అది కాబూలుదని శావుకారు చెప్పేవారు, నీళ్ళలో వేసి చూపించేవారు కూడా.

"రాళ్ళ మాటేంటి?" అంటుంది. అక్కడ నాకు ఇబ్బందే. పెళ్ళయిన కొత్తల్లో రోజూ పొద్దున్నే చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళూ వడ్లూ ఏరిందావిడ. కందిపప్పులో కేసరిపప్పు, మిరియాల్లో బొప్పాయి గింజలు, కారంలో ఇటుకపొడి. ఇవన్నీ ఆ రోజుల్లోవే. "మీరు ఒక్కనాడు చేట పట్టారా? ఎంచడం ఎంచడం అంటారు, ఎంచింది మీ అమ్మగారూ నేనూ. మీరు అరుగుమీద కూచుని పేపరు చదివారు. ఆ పొట్లాల్లో రాయి లేదు, నాకదే చాలు." కోడలు ఫోన్లో ఈ మాట విని అటుపక్క చప్పట్లు కొట్టింది. కోడళ్ళూ అత్తలూ ఒకటైపోవడం మా రోజుల్లో లేదు.

నా జవాబు నాకుంది. ఇటుకపొడి కలిపినవాడు మా ఊరివాడు. మర్నాడు పొద్దున్న కాలవగట్టు మీద దొరికేవాడు. నలుగురిలో నిలబెట్టి అడిగేవాళ్ళం, పండగకి వాళ్ళింట్లో భోజనం మానేసేవాళ్ళం. ఇప్పుడు పొట్లం వెనక ఫోన్ నంబరుంటుంది. కారంలో బూజుంటే ఓసారి చేశాను. హిందీలో పాట వినిపించి, ఒకటి నొక్కు, రెండు నొక్కు అని, చివరికి మా సేవకి ఎన్ని చుక్కలిస్తారని అడిగింది. ఎవరికివ్వాలి చుక్కలు?

మా ఊళ్ళో ఇంకా ఒక్క కొట్టుంది, బస్తాలు విప్పి పెట్టేది. నడిపేది ఆ పాత శావుకారుగారి మనవడు. నేను వెళితే కుర్చీ వేస్తాడు. మినప్పప్పు గుప్పిట పట్టి చూస్తే ఏమీ అనడు. కొసరు అడిగితే మాత్రం తక్కెడ చూపిస్తాడు, కరెంటు తక్కెడ. గ్రాము ఎక్కువైతే తీసేస్తాడు, తక్కువైతే వేస్తాడు. ఎర్రగుడ్డ పుస్తకం లేదు. బల్లమీద గళ్ళ బొమ్మ, పక్కన డబ్బా. మావాడు నా ఫోన్లో ఏదో పెట్టిచ్చాడు, అది చూపిస్తే డబ్బు పోతుంది. పోగానే ఆ డబ్బా గొంతెత్తి, ఎన్ని రూపాయలు ముట్టాయో తెలుగులో వీధంతా వినపడేలా అరుస్తుంది. మా నాన్నగారి బాకీ ఎంతో ఆయనకీ శావుకారుకీ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు.

పోయిన నెల అక్కడ ఇంగువా, జీడిపప్పూ, నెయ్యీ కొన్నాను. ఇంటికొచ్చేసరికి ఎదురింటావిడ మా గుమ్మంలోనే ఉంది. "ఏమండీ అన్నయ్యగారూ, పద్దెనిమిదొందలు సరుకులు కొన్నారటగా, అమెరికా నుంచి పిల్లలొస్తున్నారా?" అంది. మా ఆవిడ లోపలనుంచి వచ్చి నా చేతిలో సంచీ అందుకుని, "డబ్బా మంచిదే పెట్టాడు మనవడు. మీరు రోజూ ఎంత తగలేస్తున్నారో ఇన్నాళ్ళకి నాకు తెలుస్తోంది" అంది.